రాష్ట్రపతి ముందు గుర్రమెక్కేదెవరు?

(జనవరి 26 సాయంత్రం అంబేద్కర్ విగ్రహం దగ్గర మాల, మాదిగ వాడల యువకులు కలిసి జరుపుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున బడిలో జెండా ఎగరేశాం. పిల్లలకు చాక్లెట్లు పంచాం. ఇంటికి పోయి చాలామంది టీవీలో ఢిల్లీ పరేడు చూసి ఉంటారు. రాష్ట్రపతి వచ్చేటప్పుడు ముందూ వెనకా గుర్రాల మీద ఒక దళం వస్తది, చూశారు గదా! నిలువెత్తు మనుషులు, జలతారు తలపాగాలు, మోకాళ్ల దాకా బూట్లు, చేతుల్లో బల్లేలు. గుర్రాలన్నీ ఒకే రంగు. బాకా ఊదేవాడి గుర్రం ఒక్కటే తెల్లగా ఉంటది. దాన్ని రాష్ట్రపతి అంగరక్షక దళం అంటారు. మన పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. మా బడిలో ఆరో తరగతి పిల్లలు ప్రతి ఏడూ అడుగుతారు, "సార్, అందులో చేరాలంటే ఏం చదవాలి?" అని.

అడిగే పిల్లలకు జవాబు చెప్పటం బడిపంతుళ్లుగా మా బాధ్యత. కలెక్టరు కావాలంటే ఏం చదవాలో చెప్తాం. డాక్టరు కావాలంటే ఏ పరీక్ష రాయాలో చెప్తాం. ఈ దళంలో చేరటానికి మాత్రం చదువు ఒక్కటే చాలదు, ఎత్తు ఒక్కటే చాలదు, పరుగు ఒక్కటే చాలదు. పుట్టుక కావాలి. హిందూ జాట్ అయివుండాలి. లేకపోతే హిందూ రాజపుత్రుడు అయివుండాలి. అదీ కాకపోతే జాట్ సిక్కు అయివుండాలి. ఈ మూడింట్లో ఏదో ఒకటి కాని వాడు ఆరడుగులున్నా, గాలిలా గుర్రం తోలినా, ఆ గేటు దాటి లోపలికి పోలేడు.

ఇది మేము కల్పించి చెప్తున్నది కాదు. 2013లో సుప్రీంకోర్టులో కేసు నడిచినప్పుడు సైన్యమే ప్రమాణపత్రం మీద ఒప్పుకున్న మాట. సైన్యంలో కులాన్ని బట్టి భర్తీ లేదని ఒక పక్క చెప్పారు. ఈ దళానికి మాత్రం ఆ మూడు వర్గాల నుంచే తీసుకుంటున్నామని ఇంకో పక్క చెప్పారు. 2017లో జరిగిన భర్తీ మీద హర్యానాకు చెందిన ఒక యాదవ యువకుడు ఢిల్లీ హైకోర్టుకు పోయాడు. అన్ని అర్హతలూ ఉన్నా కులం ఒక్కటే అడ్డమైందని అతని మొర. 2018 డిసెంబరులో కోర్టు కేంద్రాన్నీ సైన్యాన్నీ జవాబు చెప్పమంది. అంటే ఈ తలుపు మన ఒక్కరికే మూసిలేదు. యాదవులకు మూసి ఉంది, గొల్లకురుమలకు మూసి ఉంది, ముస్లింలకు మూసి ఉంది, ఆదివాసులకు మూసి ఉంది. అసలు దక్షిణాది మొత్తానికే మూసి ఉంది.

1997లో కె.ఆర్. నారాయణన్ గారు రాష్ట్రపతి అయ్యారు. కేరళలో పూరిగుడిసెలో పుట్టిన దళిత బిడ్డ. 2017లో రామ్‌నాథ్ కోవింద్ గారు అయ్యారు. 2022లో సంతాలీ ఆదివాసీ బిడ్డ ద్రౌపది ముర్ము గారు అయ్యారు. ఆ కుర్చీలో కూర్చోవటానికి రాజ్యాంగం కులం అడగలేదు. ఆ కుర్చీ ముందు గుర్రమెక్కటానికి మాత్రం కులం అడిగారు. నారాయణన్ గారి సొంత అన్న కొడుకు వచ్చి నిలబడ్డా ఆయన అంగరక్షక దళంలో చేర్చుకునేవాళ్లు కాదు. ముర్ము గారి ఊరి పిల్లలకైనా అంతే. మన మనిషి లోపల కూర్చుంటాడు, బయట కాపలా నియమం మాత్రం మనల్ని రానివ్వదు. ఇదేం గణతంత్రమో పెద్దలు ఆలోచించాలి.

కంపెనీ దొర పెట్టిన దళం

ఈ మాట ఎత్తితే వాళ్లు వెంటనే చెప్పే జవాబు ఒకటే: "ఇది సంప్రదాయం. రెండొందల యాభై ఏళ్ల వారసత్వం. దీన్ని ముట్టుకోకూడదు." సరే, ఆ వారసత్వమేందో విప్పి చూద్దాం.

ఈ దళాన్ని పెట్టింది ఏ చక్రవర్తీ కాదు, ఏ ప్రజా ప్రభుత్వమూ కాదు. 1773లో కాశీలో ఈస్టిండియా కంపెనీ గవర్నరు వారన్ హేస్టింగ్స్ పెట్టాడు. మొఘల్ హార్స్ అనే పాత గుర్రపు దళం నుంచి యాభై మందిని ఏరుకున్నాడు. కాశీ రాజు చేత్‌సింగ్ ఇంకో యాభై మందిని ఇచ్చాడు. అట్లా నూరుమంది అయ్యారు. ఎనిమిదేళ్లు తిరక్కుండానే, 1781లో, అదే హేస్టింగ్స్ డబ్బు కోసం అదే చేత్‌సింగ్ మీదికి పోయి గద్దె మీద నుంచి దించేశాడు. అంగరక్షకుల్ని బహుమానమిచ్చిన రాజుకు దక్కిన మర్యాద అది. ఆ హేస్టింగ్స్ మీద ఇంగ్లండు పార్లమెంటులో అవినీతి విచారణ ఏళ్ల తరబడి నడిచింది. చివరికి తప్పించుకున్నాడనుకోండి.

మొదట్లో ఈ దళంలో ఎవరున్నారు? ముస్లింలు. 1800 దాకా ముస్లింలనే తీసుకున్నారు. తర్వాత రాజపుత్రుల్ని, బ్రాహ్మణుల్ని చేర్చారు. అప్పట్లో వాళ్లంతా అవధ్, బీహార్ వైపు నుంచి వచ్చినవాళ్లు. 1845-46లో సిక్కుల మీద ఇంగ్లీషువాళ్లు చేసిన యుద్ధంలో ఈ దళం సిక్కులతో కొట్లాడింది. 1857 తిరుగుబాటు వచ్చింది. అవధ్ సిపాయిల మీద దొరలకు నమ్మకం పోయింది. వాళ్ల చూపు పంజాబు మీదికి మళ్లింది. నిన్నటిదాకా ఎవరితో కొట్లాడారో ఆ సిక్కుల్నే 1883లో ఈ దళంలోకి తీసుకున్నారు. 1887లో పంజాబీ ముస్లింలను తీసుకున్నారు. 1895లో బ్రాహ్మణుల్ని, రాజపుత్రుల్ని తీసుకోవటం ఆపేశారు. అప్పటి నుంచి సగం సిక్కులు, సగం ముస్లింలు.

1947 వచ్చింది. దేశంతో పాటు దళాన్నీ పంచుకున్నారు. గుర్రాలు, సామాన్లు రెండు వాటాలు మనకు, ఒక వాటా పాకిస్తానుకు. ముస్లిం జవాన్లు ఆ పక్కకు పోయారు. వైస్రాయి బంగారు పూత బగ్గీ ఎవరికి రావాలన్న పేచీని రూపాయి బిళ్ల ఎగరేసి బొమ్మా బొరుసా తేల్చారని చెప్తారు. బగ్గీ మనకొచ్చింది. 1950లో గణతంత్రం రాగానే గవర్నర్ జనరల్ అంగరక్షక దళం పేరు మార్చి రాష్ట్రపతి అంగరక్షక దళం అన్నారు. ఖాళీ అయిన సగం చోటులోకి జాట్లు, రాజపుత్రులు వచ్చారు.

ఇప్పుడు లెక్క చూడండి. ముస్లింలు ఉన్నారు, పోయారు. బ్రాహ్మణులు వచ్చారు, పోయారు. రాజపుత్రులు వచ్చారు, పోయారు, మళ్లీ వచ్చారు. సిక్కులు శత్రువులుగా ఉండి అంగరక్షకులయ్యారు. పాలించేవాడి భయాన్ని బట్టి, అవసరాన్ని బట్టి ఈ దళం కులం మారుతూనే ఉంది. రెండొందల యాభై ఏళ్ల సంప్రదాయం అని చెప్పే మూడు కులాల కూర్పు నిజానికి స్వతంత్రం వచ్చినాక పెట్టుకున్నది. అంటే బ్రిటిష్‌వాడు చేసిన తప్పు అని తప్పించుకోవటానికి కూడా వీల్లేదు. ఆరుసార్లు మారినది ఏడోసారి మారితే కొంప మునుగుతదా? ప్రతిసారీ మారినప్పుడు గుర్రాలు నడవటం మానలేదు గదా, బాకా మోగటం మానలేదు గదా!

జాతి గుర్రాలు, జాతి మనుషులు

మూడు కులాల మాట ఎక్కడి నుంచి పుట్టిందో తెలుసుకోవాలి. దొరలు దాన్ని యుద్ధజాతుల సిద్ధాంతం అన్నారు. కొన్ని కులాలు పుట్టుకతోనే వీరులంట, మిగిలిన కులాలు పుట్టుకతోనే పిరికివాళ్లంట. మనువు చెప్పిందే ఇంగ్లీషులో చెప్పారు. దీన్ని గట్టిగా నడిపించినవాడు లార్డ్ రాబర్ట్స్. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతి. తర్వాత 1893 దాకా దేశం మొత్తం సైన్యానికి అధిపతి. దక్షిణాది మనుషులు యుద్ధానికి పనికిరారని తేల్చి, మద్రాసు పటాలాలను తగ్గించుకుంటూ పోయాడు. తర్వాత చాలా మద్రాసు పటాలాలను పంజాబీలతో నింపారు.

ఎవరిని పనికిరారన్నాడు? ఈస్టిండియా కంపెనీకి రాజ్యం సంపాదించిపెట్టిన వాళ్లనే. 1756లో క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకు తీసుకుపోయిన సిపాయిలను అక్కడివాళ్లు "తిలంగాలు" అన్నారు. తెలుగుదేశం వైపు నుంచి వచ్చినవాళ్లు అని. తర్వాత ఉత్తరాదిలో సిపాయి అంటేనే తిలంగా అనే పేరు పడిపోయింది. మద్రాసు శాపర్లలో, అంటే వంతెనలు కట్టి, కోట గోడలు పేల్చి, సైన్యానికి దారి చేసే పటాలంలో, పరయా కులస్తులు ఎంతోమంది పనిచేశారు. అగ్రకులంవాడు అంటుకోననే పని, ప్రాణం పోయే పని వాళ్లు చేశారు.

మహారాష్ట్రలో మహార్ల సంగతి అంతే. 1818 జనవరి 1న భీమా కోరేగావ్‌లో పీష్వా సైన్యాన్ని నిలువరించిన బొంబాయి పటాలంలో మహార్లు ఉన్నారు. ఆ స్తంభం మీద వాళ్ల పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారు. సైనిక బడిలో పంతులుగా కూడా పనిచేశాడు. సైన్యంలో ఉన్నవాళ్ల ఇళ్లల్లోకి చదువొచ్చింది. బాబాసాహెబ్ 1891లో మౌ కంటోన్మెంటులో పుట్టాడు. ఆయన పుట్టిన ఒకటి రెండేళ్లలోనే మహార్లను సైన్యంలోకి తీసుకోవటం ఆపేశారు. యుద్ధజాతి కాదంట. అంటరానివాడు పక్కనుంటే అగ్రకుల సిపాయి అదే బరాకులో ఉండడంట.

ఆ తలుపు తెరిపించటానికి మన పెద్దలు ఎంత తిరిగారో వినండి. 1894లో గోపాల్ బాబా వలంగ్కర్ అర్జీ తయారుచేశాడు. 1910లో శివరాం జానబా కాంబ్లే అర్జీ పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో చచ్చేవాళ్లు తక్కువైతే 1917లో మహార్లను పిలిచి 111వ పటాలం పెట్టారు. యుద్ధమైపోయినాక 1921లో రద్దు చేశారు. రెండో యుద్ధంలో, బాబాసాహెబ్ పట్టుబట్టినాక, 1941లో మహార్ రెజిమెంటు వచ్చింది. 1943లో చమార్ రెజిమెంటు వచ్చింది. కోహిమాలో జపాను సైన్యంతో కొట్లాడింది. 1946లో దాన్నీ రద్దు చేశారు. చావటానికి పిలుపు, బతికినాక పొమ్మనటం. మన సైనిక వారసత్వం ఇట్లా ఉంది.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. మహార్ రెజిమెంటు పేరు మనది. అందులోకి తర్వాత తర్వాత దేశంలోని అన్ని కులాలవాళ్లూ, అన్ని ప్రాంతాలవాళ్లూ వచ్చారు. 1981 నుంచి 1983 దాకా సైన్యాధిపతిగా చేసిన మన తెలుగువాడు జనరల్ కె.వి. కృష్ణారావు ఆ రెజిమెంటు మనిషే. 1987లో శ్రీలంకలో చనిపోయి పరమవీర చక్ర పొందిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్ ఎనిమిదో మహార్ పటాలం వాడు. అంటరాని కులం పేరున్న రెజిమెంటు అందరికీ తలుపు తీసింది. దేశం పేరున్న దళం మూడు కులాలకే తీసింది. వీటిలో ఏది రాజ్యాంగానికి దగ్గరో మీరే చెప్పండి.

2022 జనవరిలో ఈ అంగరక్షక దళంలోని విరాట్ అనే గుర్రానికి సైన్యాధిపతి ప్రశంసాపత్రం వచ్చింది. ఏళ్లతరబడి పరేడుల్లో నడిచి ఆ జనవరి 26న రిటైరైంది. రాష్ట్రపతి, ప్రధాని వచ్చి దాన్ని నిమిరి సాగనంపారు. మూగజీవి చేసిన సేవను గుర్తించటం మంచిదే. మేము చెప్పేదేమంటే, గుర్రాన్ని జాతి చూసి ఎంచుతారు. సంతలో ఎద్దును కొనేవాడు కూడా జాతి చూస్తాడు. అది పశువుల లెక్క. మనిషిని కూడా అదే లెక్కన ఎంచుతామంటేనే మనకు పేచీ.

వాళ్ల వాదనలు, మన జవాబులు

సైన్యం కోర్టులో చెప్పిన ముఖ్యమైన వాదన ఇది. ఈ దళం చేసేది లాంఛనాల పని. చూపులకు అందరూ ఒకే తీరుగా ఉండాలి, ఎత్తు, శరీరం, రూపం ఒక్కలాగే ఉండాలి, అప్పుడే ఆ వేడుకకు నిండుదనం అని.

ఎత్తు కావాలా, ఎత్తు కొలవండి. గోడకు గీత గీసి నిలబెట్టండి. ఆరడుగులు ఉన్నవాడిని ఉంచండి, లేనివాడిని పంపండి. మేము ఒక్కమాట అనం. కులం సర్టిఫికెట్టుతో ఎత్తు కొలుస్తారా? జాట్లలో పొట్టివాళ్లు లేరా, మన వాడల్లో పొడుగువాళ్లు లేరా? ఇక రూపం సంగతి. పుట్టుకతో వచ్చిన మొహం చూసి ఇది దేశాధ్యక్షుడి ముందు నిలబడదగ్గది, ఇది కాదు అంటున్నారంటే, ఆ మాటలో అంటరానితనం వాసన కొట్టట్లేదా? రాష్ట్రపతి ముందు దేశం మొహం కనపడాలి. దేశం మొహం ఒక్క తీరుగా లేదు. నల్లగా ఉంది, చామనచాయగా ఉంది, కొండల్లో ఒకతీరు, సముద్రపొడ్డున ఒకతీరు.

ఒక్క తీరుగా లేకపోతే వేడుక చెడిపోతదా? 2015 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ఒబామా వచ్చినప్పుడు రాష్ట్రపతి భవనంలో త్రివిధ దళాల గౌరవ వందనానికి నాయకత్వం వహించింది ఒక స్త్రీ, వింగ్ కమాండర్ పూజా ఠాకూర్. మూడు సైన్యాలవాళ్లు, మూడు రంగుల బట్టలు, ముందు ఆడమనిషి. అదే ఆవరణ, అదే లాంఛనం. ఎవరి పరువూ పోలేదు.

ఇంగ్లండు సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ దళం ఠీవి అంతా అక్కడి రాజవంశపు కాపలా దళాల పోలికే. 1980ల దాకా ఆ దళాల్లో నల్లవాళ్లు కనపడటమే అరుదు. అక్కడి నల్లజాతివాళ్లు, ఆసియావాళ్లు ఊరుకోలేదు. జాతి సమానత్వ కమిషన్ రాణిగారి గుర్రపు దళం మీదనే విచారణ చేసి 1996లో వివక్ష ఉందని నివేదిక ఇచ్చింది. భర్తీ పద్ధతి మార్చుకోక తప్పలేదు. 2018లో రాణి పుట్టినరోజు పరేడులో వెయ్యిమంది ఎలుగుబంటి తోలు టోపీల మధ్య ఒక సిక్కు జవాను తన నల్ల తలపాగాతో నడిచాడు. రాణి చూసింది, లోకం చూసింది. రాణి, రాజు ఉన్న దేశంలోనే అది సాధ్యమైతే, రాజుల్ని తీసేసిన మన గణతంత్రంలో ఎందుకు సాధ్యం కాదు?

వాళ్ల రెండో వాదన: ఒకే ప్రాంతం, ఒకే భాష, ఒకే తిండి ఉంటే జవాన్లు కలిసిమెలిసి ఉంటారు, పరిపాలన తేలిక. ఇదే మాట మన ఊళ్లో ఇంకో రూపంలో విన్నాం. హాస్టళ్లలో విన్నాం. బడిలో మధ్యాహ్న భోజనం దళిత తల్లి వండితే తినమన్నవాళ్ల నోట విన్నాం. కలిసి తినటం చేతకాకపోతే నేర్పించాలి, నేర్పించకుండా వేరువేరుగా కూర్చోబెట్టటం పరిపాలన కాదు. ఇంజనీర్లు, శాపర్లు, విమాన దళం, నౌకాదళం అన్నిట్లో అన్ని కులాలవాళ్లూ పక్కపక్కనే ఉన్నారు. అక్కడ ఓడ మునగలేదు.

మూడోది చట్టం. రాజ్యాంగం 14వ అధికరణ చట్టం ముందు అందరూ సమానమంటది. 16వ అధికరణ రెండో క్లాజు ప్రభుత్వ ఉద్యోగంలో మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన చోటు, నివాసం కారణంగా ఎవరికీ అర్హత లేదనకూడదంటది. "సైన్యానికి 33వ అధికరణ ఉంది గదా, అక్కడ ప్రాథమిక హక్కుల్ని తగ్గించవచ్చు గదా" అని చదువుకున్నవాళ్లు అడుగుతారు. ఆ అధికరణ ఏం చెప్తుంది? క్రమశిక్షణ కోసం, విధి నిర్వహణ కోసం పార్లమెంటు చట్టం చేసి హక్కుల్ని తగ్గించవచ్చు అంటది. ఫలానా మూడు కులాలకే గుర్రాలివ్వాలని పార్లమెంటు ఏ చట్టం చేసింది? ఎక్కడా చేయలేదు. ఆఫీసు అలవాటును రాజ్యాంగం కంటే పైన కూర్చోబెట్టారు.

మనకెందుకు ఈ గొడవ?

మనలోనే కొందరు అంటారు: "కూలి సరిగా లేదు, పట్టా భూమి లేదు, శ్మశానానికి దారి లేదు. రెండొందల మంది చిల్లర ఉన్న ఆ దళం గొడవ మనకెందుకు? అసలు ఆ బల్లేలు, బగ్గీలు రాజుల కాలపు డాంబికం, వాటిని ఎత్తేయమనాలి గాని అందులో వాటా అడగటమేంది?"

మంచి ప్రశ్న. డాంబికం ఎత్తేస్తే మాకేం బాధ లేదు. 1984లో ఇందిరాగాంధీ హత్య తర్వాత భద్రత కోసమని పరేడుకు బగ్గీ మానేశారు. దాదాపు నలభై ఏళ్లు రాష్ట్రపతులు కారులోనే వచ్చారు. రిపబ్లిక్ డే ఆగలేదు. 2024లో మళ్లీ బగ్గీ తెచ్చారు. అంటే ఆ డాంబికం పోలేదు, పోనిచ్చే ఆలోచనా లేదు. ఉన్నన్నాళ్లు అది దేశం డబ్బుతో, దేశం పేరుతో జరుగుతున్నది. కోటానుకోట్ల మంది పిల్లలు చూసి, గౌరవం అంటే ఇట్లా ఉంటది, గౌరవంగా నిలబడేవాళ్లు వీళ్లు అని నేర్చుకుంటున్నారు. ఉద్యోగాలు రెండొందలే కావచ్చు, నేర్పే పాఠం దేశమంతటికీ.

ఆ పాఠం ఊళ్లలో ఎట్లా అమలవుతున్నదో చూడండి. రాజస్థాన్‌లో, గుజరాత్‌లో, మధ్యప్రదేశ్‌లో దళిత పెండ్లికొడుకు గుర్రమెక్కితే రాళ్లు పడతాయి. పోలీసు బందోబస్తు మధ్య ఊరేగింపు తీయాల్సిన గతి. 2018లో గుజరాత్ భావనగర్ జిల్లాలో ఒక దళిత యువకుణ్ణి చంపేశారు. గుర్రం కొనుక్కుని స్వారీ చేస్తున్నాడనే చంపారని ఆ తండ్రి ఫిర్యాదు. గుర్రం మీద కూర్చునే హక్కు ఎవరిది అన్నది ఈ దేశంలో చిన్న ప్రశ్న కాదు. ప్రాణాల మీదికి వచ్చే ప్రశ్న. ఢిల్లీలో ప్రభుత్వమే గుర్రానికి కులం కట్టినాక, ఊళ్లో రాయి విసిరేవాడికి సిగ్గెట్లా వస్తది?

ఇంకొక మాట. కాపలా, ఊరేగింపు, ముందు నడవటం మనకు కొత్తేం కాదు. నిజాం రాజ్యంలో దొర కచ్చడం కట్టుకుని పోతుంటే బండి ముందూ వెనకా పరుగెత్తింది ఎవరు? మన తాతలు. దారి తప్పుకోండని కేకేసింది వాళ్లు. చీకటైతే కాగడా పట్టింది వాళ్లు. అధికారి ఊరికి వస్తే డప్పు కొట్టి ఎదురుపోయింది వాళ్లు, డేరా సామాను మోసింది వాళ్లు. అది కూడా అంగరక్షణే, అది కూడా గౌరవ వందనమే. జీతం లేదు, బట్ట లేదు, కాళ్లకు చెప్పు లేదు. గుర్రమెక్కి పరుగెత్తిస్తే దాని పేరు వారసత్వం, కాళ్లతో పరుగెత్తితే దాని పేరు వెట్టి. మన తాతల పరుగుకు ఎవరూ వెండి బాకా ఇవ్వలేదు.

మన హైదరాబాదులోనే ఇంకో కథ ఉంది. ఏసీ గార్డ్స్ అని బస్తీ పేరు విన్నారు గదా! ఏసీ అంటే చల్లటి గాలి మిషను కాదు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. వనపర్తి రాజు నిజాముకు ఇచ్చిన సిద్దీల గుర్రపు దళం. ఆఫ్రికా నుంచి వచ్చిన నల్లటి, ఎత్తైన మనుషులు. పండుగలకు, దర్బార్లకు నిజాం ముందు ఠీవిగా నడిచేవాళ్లు. 1948లో హైదరాబాదు సంస్థానం కలిసిపోయింది, దళం రద్దయింది. వాళ్ల పిల్లలు, మనవలు ఆ బస్తీలో పేదరికంలో మిగిలారు. పెండ్లిళ్లకు మర్ఫా వాయించి బతికినవాళ్లున్నారు. ఒక దళం పుట్టి రెండొందల యాభై ఏళ్లయిందని వెండి బాకా, పతాకం ఇచ్చి వేడుక చేసుకుంటాం. ఇంకో దళానికి బస్సు స్టాపు పేరు ఒక్కటే మిగులుతది. వారసత్వం అనే మాటను ఎవరి కోసం దాచిపెడతారో దీన్ని బట్టి అర్థం చేసుకోండి.

ఆ దళంలో పనిచేసే జవాన్ల మీద మనకు కోపం లేదు. వాళ్లు పేద రైతుల బిడ్డలే. 1962లో చుశూల్‌లో, సియాచిన్ మంచులో, శ్రీలంకలో వాళ్లూ పనిచేశారు. మన పేచీ వాళ్లతో కాదు, ఆ నియమంతో. మాకో కుల రెజిమెంటు పెట్టండని కూడా మనం అడగటం లేదు. ఒక్కో కులానికి ఒక్కో పటాలం పెట్టుకుంటూ పోతే అది సైన్యం కాదు, చాతుర్వర్ణం. మనం అడిగేది భర్తీ కాగితంలో కులం గడి కొట్టేయమని. ఎత్తు, ఆరోగ్యం, స్వారీ, నడవడి చూసి దేశంలో ఏ బిడ్డనైనా తీసుకొమ్మని.

దీనికి మనం చేయగలిగిన పనులున్నాయి. ఒకటి, సమాచార హక్కు చట్టం 2005 కింద పది రూపాయల రుసుముతో రక్షణశాఖకు దరఖాస్తు పెట్టాలి. ఏ సంవత్సరం ఎంతమందిని తీసుకున్నారు, ఏ ఉత్తర్వు ప్రకారం తీసుకున్నారు, ఆ ఉత్తర్వు నకలు ఇవ్వండి అని అడగాలి. దరఖాస్తు రాయటం మేము నేర్పిస్తాం. రెండు, లోక్‌సభలో 84 ఎస్సీ రిజర్వుడు సీట్లున్నాయి, 47 ఎస్టీ సీట్లున్నాయి. ఓట్లకు మన వాడకొచ్చే ఎంపీని ఇది సభలో అడిగావా అని నిలదీయాలి. మూడు, 338వ అధికరణ కింద ఏర్పడిన జాతీయ షెడ్యూల్డ్ కులాల కమిషన్‌కు ప్రతి సంఘం నుంచి ఒక అర్జీ పోవాలి. నాలుగు, యాదవ, ముదిరాజ్, చాకలి, మంగలి, ముస్లిం సోదరుల దగ్గరికి పోవాలి. ఈ గేటు దగ్గర వాళ్లూ మనమూ ఒకే పక్కన నిలబడి ఉన్నామని చెప్పాలి. మాల మాదిగలు ఈ రోజు ఈ అరుగు మీద కలిసి కూర్చున్నట్టే అది కూడా సాధ్యమే.

అయిదోది మా పంతుళ్ల పని. ఆరో తరగతి పిల్ల అడిగిన ప్రశ్నకు "అది మనకు రాదులే" అని చెప్పి నోరు మూయించం. నియమం ఇట్లా ఉంది, ఇది రాజ్యాంగానికి విరుద్ధం, దీన్ని మార్చాలి, మార్చేలోగా నువ్వు పరుగెత్తటం ఆపొద్దు అని చెప్తాం. గోపాల్ బాబా 1894లో అర్జీ తయారుచేస్తే మహార్ రెజిమెంటు రావటానికి 1941 దాకా పట్టింది. మనం అంతకాలం ఆగలేం. వచ్చే వారం నుంచే దరఖాస్తులు రాద్దాం. అక్షరం వచ్చిన ప్రతి ఒక్కరూ ఆదివారం సాయంత్రం కాగితం, పెన్ను పట్టుకుని ఇక్కడికే రండి.

జై భీమ్!